కుక్కపిల్లకి బీమా: గేదె లెక్క ఇక్కడ కుదరదు

మల్లి మా ఇంటికొచ్చిన వారానికి మా మావయ్య చూడ్డానికి వచ్చాడు. గోదావరి లంకలో ఆయనకి రెండు ముర్రా గేదెలున్నాయి. మల్లి అరవై రోజుల కుక్కపిల్ల, నల్లటి ఒళ్ళు, కుడి ముందుకాలి మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ. ఒళ్ళో పెట్టుకుని చెవులు నిమురుతున్నాడు. "దీనికి ఇన్సూరెన్స్ చేయిద్దామనుకుంటున్నాను మావయ్యా" అన్నాను.

"చేయించరా, మంచిదే. మన గేదెలకి లేదూ? డాక్టరు గారొచ్చి చెవికి పోగేసి కాగితం రాసిస్తారు, అంతే" అన్నాడు.

ఆయన అడ్డు చెప్పలేదు. కానీ ఆ "అంతే" దగ్గరే చిక్కు మొదలైంది. గోదావరి డెల్టాలో బీమా అనగానే మనకి తెలిసింది గేదె బీమా, పంట బీమా, బండి బీమా. గేదె బీమాలో లెక్క తేలిక. ఈతలు, పాలు, వయసు చూసి గేదెకి ఒక విలువ కడతారు. అది చనిపోతే, చెవి పోగు ఉంటే, పోస్టుమార్టం కాగితం ఉంటే, ఆ విలువ చేతికొస్తుంది. గేదెకి జ్వరమొచ్చి సెలైన్లు పెట్టిస్తే ఆ ఖర్చు కంపెనీని అడగాలని రైతుకి తోచదు, పాలసీలోనూ సాధారణంగా ఉండదు.

కుక్కపిల్ల దగ్గర మన భయం వేరు. మల్లిని మండపేటలో స్నేహితుడింటి నుంచి ఊరికే తెచ్చుకున్నాం. ఫారంలో "జంతువు ధర" అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఏం రాయాలో నాకు తోచలేదు. ఇరవై వేలు పెట్టి లాబ్రడార్ కొన్నవాళ్ళయినా, అది పోతే ఇరవై వేలు పోయాయని ఏడవరు. బతికించుకోవడానికి ముప్పై వేలు కావాలని డాక్టరు చెప్పిన సాయంత్రం చేతిలో అంత లేకపోతే ఎలాగన్నదే అందరి భయం. ఆ సాయంత్రం కోసం డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నతో మొదలుపెడితేనే పాలసీ కాగితం అర్థమవుతుంది.

కుక్కల బీమా అన్న ఒక్క పేరు కింద మూడు రకాల రక్షణలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది మరణానికి సొమ్ము, అంటే గేదె బీమాయే. న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ రంగ కంపెనీలు ఎన్నో ఏళ్ళుగా అమ్ముతున్న పాత తరహా కుక్కల పాలసీ ముఖ్యంగా ఇదే. 8 వారాల నుంచి 8 ఏళ్ళ వయసు వరకు నాటు, సంకర, విదేశీ జాతులన్నిటికీ ఇస్తామంటుంది. రెండోది వైద్యానికి సొమ్ము: ఆపరేషన్, ఆసుపత్రిలో చేర్చడం, పరీక్షలు. బజాజ్ 2020లో కుక్కల ఆరోగ్య పాలసీ తెచ్చాక మరికొన్ని ప్రైవేటు కంపెనీలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. వీటిలో పాలసీ మొదలయ్యే వయసు కొన్నిటికి 3 నెలలు, కొన్నిటికి 6 నెలలు. మూడోది మన కుక్క ఎవరినైనా కరిచినా, ఎవరి వస్తువైనా పాడుచేసినా మన మీద పడే నష్టపరిహారానికి రక్షణ. ఇంట్లోవాళ్ళని కరిస్తే ఇది సాధారణంగా పనికిరాదు, బయటివాళ్ళకే.

ఈ మూడూ విడివిడిగా ఉండొచ్చు, కలిపీ ఉండొచ్చు. "మా కుక్కకి ఇన్సూరెన్స్ ఉందండి" అని ధీమాగా ఉన్న ఒకాయనకి, ఆ కుక్క కాలు విరిగిన రోజున తెలిసింది, ఆయన దగ్గరున్నది చనిపోతేనే డబ్బిచ్చే పాలసీ అని. అమ్మినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఆయన ఆ ప్రశ్న అడగలేదు. అందుకే ఏజెంటుతో మొదటి మాటగా "వైద్యానికి ఎంతవరకు ఇస్తారు, ఏయే వైద్యానికి?" అని అడగండి. ఊరికే తెచ్చుకున్న నాటు పిల్లకైతే మరణ సొమ్ము దాదాపు అనవసరం. దాని కాలు విరిగినా, లాబ్రడార్ కాలు విరిగినా వేసే ప్లేటూ స్క్రూలూ ఒకటే, బిల్లూ ఒకటే.

ముందు టీకా, తర్వాతే పాలసీ

పిల్లకి ప్రమాదం ఎక్కువగా ఉండే మొదటి నెలల్లో బీమా దాదాపు చేతికి అందదు. ఇది చాలామందికి మింగుడుపడని సంగతి. ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య కుక్కపిల్లల్ని ఎక్కువగా పట్టేది పార్వో అనే వైరస్ జబ్బు. వాంతులు, రక్తంతో విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. నాలుగైదు రోజులు కిటికీ ఊచకి సెలైన్ సీసా వేలాడగట్టి, ముందుకాలికి సూది ప్లాస్టరుతో అంటించి, రాత్రంతా పక్కన కూర్చోవాలి. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. అంటే ఆడుకుంటూ మన ఇంటికొచ్చిన పిల్ల అప్పటికే దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చు. పాలసీల్లో జబ్బులకి సాధారణంగా 15 లేదా 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ మొదలైన ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకి డబ్బివ్వరు. పైగా టీకాతో ఆపగలిగే జబ్బు, టీకా వేయించని కుక్కకి వస్తే క్లెయిమ్ ఇవ్వరు.

కాబట్టి మొదటి ప్రీమియం టీకాకే కట్టాలి. పార్వో లాంటి జబ్బులన్నిటికీ కలిపి వేసే టీకాకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు దాటేదాకా. మన దగ్గర "సెవెన్ ఇన్ వన్" అనీ "నైన్ ఇన్ వన్" అనీ అడిగేది ఇదే. మూడు నెలలకి రేబిస్ టీకా. నట్టల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

పిల్లని కొనేటప్పుడు ఇంకో సంగతి. మన ఊళ్ళల్లో 45 రోజులకే పిల్లల్ని అమ్మేస్తారు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. 8 వారాలంటే 56 రోజులు. ఆ పదకొండు రోజులూ తల్లి దగ్గర ఉంటే పిల్ల గట్టిపడుతుంది, మనకి పాలసీ తీసుకునే వయసూ దగ్గరవుతుంది. తొందరపెట్టే అమ్మకందారుని ఈ ఒక్క మాట అడగండి.

టీకా వేసినప్పుడు మందు సీసా మీదున్న చిన్న స్టిక్కర్ని ఊడదీసి పుస్తకంలో అంటిస్తారు చూడండి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. మల్లికి రెండో డోసు వేసినప్పుడు హడావిడిలో స్టిక్కర్ సీసాతో పాటే చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది. నేను బతిమాలి వెతికించి తెప్పించుకుని, అంటించి, పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర వేయించుకున్నాను. తర్వాత క్లెయిమ్ రోజున "టీకా వేయించారా?" అన్న ప్రశ్నకి జవాబు ఆ స్టిక్కరే.

మన చేలల్లో ఉన్న ప్రమాదాలు

పాలసీ తీసుకోవాలా వద్దా అన్నది కుక్క ఎక్కడ తిరుగుతుందన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. నగరంలో మూడో అంతస్తులో పెరిగే షిట్జు జాతి కుక్కకీ, కాలువ గట్టున పెరిగే పిల్లకీ గండాలు ఒకటి కావు.

డెల్టాలో నాకు అన్నిటికన్నా భయం ఎలుకల మందు. సార్వాకీ దాళ్వాకీ, అంటే ఖరీఫ్, రబీ వరి పంటలకి, ఊళ్ళకి ఊళ్ళు కలిసి సామూహికంగా ఎలుకల మందు పెడతారు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమాడియోలోన్ మందు 2 పాళ్ళు కలిపి, చిన్న పొట్లాలు కట్టి బొరియల్లో వేస్తారు. నూనె పట్టిన నూకల వాసన కుక్కపిల్లకి పండగే. పొట్లం తిన్న రోజు దానికి ఏమీ కాదు. ఈ మందు ఒంట్లో కె విటమిన్‌ని పనిచేయనివ్వదు, రక్తం గడ్డకట్టే శక్తి నెమ్మదిగా పోతుంది. మూడు నుంచి అయిదు రోజుల తర్వాత పిల్ల నీరసంగా మూలకి చేరుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కులోంచి రక్తం. అప్పటికి పొట్లం సంగతి మనం మర్చిపోయి ఉంటాం. సమయానికి కె విటమిన్ మొదలుపెడితే బతుకుతుంది, కానీ వారాల తరబడి వాడాలి, రక్త పరీక్షలు చేయించాలి. ఊళ్ళో మందు పెట్టే రోజు దండోరా వినపడగానే పిల్లని గొలుసు వేసి ఇంట్లో ఉంచండి. పాలసీ చదివేటప్పుడు "విషం" అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఎవరో కావాలని పెట్టిన విషాన్ని కొన్ని పాలసీలు మినహాయిస్తాయి. పొరపాటున తిన్న పొట్లం దేని కిందకి వస్తుందో ఈమెయిల్లో రాతపూర్వకంగా అడగండి.

తర్వాత పాములు. వరి కోతలప్పుడు గట్ల మీద రక్తపింజరి, కొబ్బరి తోటల్లో తాచు. మనుషులకి ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షనే కుక్కలకీ ఇస్తారు. అది సమయానికి దొరకడమే పెద్ద సంగతి, ఎన్ని సీసాలు పడతాయో ముందే చెప్పలేరు. ఇక పిడుదులు. మల్లి కాలి వేళ్ళ సందున కందిపప్పంత పిడుదు దొరికింది, రక్తం తాగి బూడిదరంగుకి తిరిగి ఉబ్బి ఉంది. పిడుదు జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మందు నాలుగు వారాలు వాడాలి, జాగ్రత్త తప్పితే మళ్ళీ వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. వరద తీసిన తర్వాత లంకల్లో ఇది మనుషులకీ భయమే. పై టీకాల్లో దీనికీ భాగం ఉంటుంది, ఏడాదికోసారి తప్పకుండా వేయించాలి.

రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఇల్లు 216 హైవేకి దగ్గరగా ఉండి, గేటు సరిగా పడకపోతే, వైద్య బీమా గురించి మీరు రెండుసార్లు ఆలోచించాల్సిన పనే లేదు.

లెక్క వేసి చూద్దాం

మల్లికి ముందు మా ఇంట్లో ఉన్న కుక్కని కాలువ గట్టు మీద మోటారు సైకిల్ గుద్దింది. వెనక తొడ ఎముక రెండు ముక్కలు. ఎక్స్‌రే ఒక ఊళ్ళో, ఆపరేషన్ ఇంకో ఊళ్ళో. ఆటో ఖర్చులు కాక 28,000 అయింది. అప్పుడు బీమా లేదు. ఆ బిల్లునే పట్టుకుని లెక్క వేస్తాను. ప్రీమియం ఏడాదికి 4,000, వైద్యానికి పరిమితి 40,000, ప్రతి క్లెయిమ్‌లో పది శాతం మన వాటా అనుకుందాం. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, మీ కొటేషన్‌లో వచ్చేవి అక్కడ పెట్టుకోండి.

28,000 బిల్లులో దూది, గ్లవ్స్, డైపర్ల లాంటివి 4,000 కంపెనీ తీసేసిందనుకుంటే మిగిలింది 24,000. అందులో పది శాతం 2,400 మనది. కంపెనీ ఇచ్చేది 21,600. మన జేబు నుంచి 6,400, దానికి ఆ ఏడాది ప్రీమియం కలిపితే 10,400. పాలసీ లేకుండా నెలకి 500 విడిగా దాచుకుంటూ వచ్చామనుకోండి. ఎనిమిదో నెలలో కాలు విరిగితే డబ్బాలో 4,000 ఉంటాయి, 24,000 తక్కువ పడతాయి. అదే అయిదేళ్ళు ఏమీ జరగకపోతే డబ్బాలో 30,000 ఉంటాయి. పాలసీ కట్టినవాళ్ళకి 20,000 ఖర్చయిపోయి ఉంటుంది.

ఈ లెక్క వేశాకే నాకు దారి దొరికింది. పొదుపా, పాలసీనా అని అందరూ ఒకదాన్నే ఎంచుకోమంటారు. నా మటుకు నాకు రెండూ ఒకదాని తర్వాత ఒకటి. పొదుపు డబ్బా నిండేదాకా మొదటి మూడు నాలుగేళ్ళు పాలసీ కాపలా కాయాలి. పిల్లప్రాయంలోనే కొరకడం, మింగడం, రోడ్డు మీదకి ఉరకడం ఎక్కువ. డబ్బా నిండాక పాలసీ కొనసాగించాలా లేదా అప్పుడు చూసుకోవచ్చు. అయితే మానేసి మళ్ళీ చేరదామంటే వయసు పరిమితి అడ్డొస్తుంది, మధ్యలో వచ్చిన జబ్బు పాత జబ్బు కింద మినహాయింపులోకి వెళ్తుంది. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ కొన్నవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆ జాతుల్లో తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, వంశపారంపర్య జబ్బులని చాలా పాలసీలు బయటే ఉంచుతాయి. ఖర్చయ్యే జబ్బే పాలసీలో లేకపోతే ప్రీమియం ఎందుకో ఆలోచించుకోవాలి. టీకాలు, నట్టల మందు, స్నానాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సాధారణంగా ఏ పాలసీలోనూ రావు.

ముప్పై వేలు ఎప్పుడైనా తీసి ఇవ్వగలిగిన ఇంటికి ఈ పాలసీ అక్కర్లేదు. నెలకి మూడు నాలుగు వందలు తీయడమే కష్టమైన ఇంటికి, ఆ డబ్బు టీకాలకీ పిడుదుల మందుకీ వెళ్ళడమే మేలు. ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్ళకే పాలసీ నిజంగా ఉపయోగం. మన ఊళ్ళల్లో ఎక్కువమంది అక్కడే ఉన్నాం.

బిల్లు లేకపోతే పాలసీ లేనట్టే

మన దగ్గర వైద్యం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. సాయంత్రం డాక్టరు గారికి ఫోన్ చేస్తాం, ఆయన బండి మీద ఇంటికొస్తారు, రెండు ఇంజెక్షన్లు చేస్తారు, మనం చేతిలో డబ్బు పెడతాం, టీ ఇస్తాం. కాగితం ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదనుకుంటాం. ఈ వైద్యం మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ దీనికి క్లెయిమ్ రాదు. కంపెనీకి చీటీ కావాలి, దాని మీద రిజిస్టరైన పశువైద్యుడి పేరు, నంబరు, తేదీ, జబ్బు పేరు, కుక్క గుర్తులు ఉండాలి. మందులకి విడిగా షాపు బిల్లు, పరీక్షలకి రిపోర్టు. చాలావరకు మనం ముందు కట్టి తర్వాత తెచ్చుకోవాలి. మొదటి రోజునే "డాక్టరు గారూ, ఇన్సూరెన్స్ ఉందండి, చీటీ రాసివ్వాలండి" అని చెప్పేస్తే ఆయనా ఏమీ అనుకోరు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశు వైద్య వాహనం వాళ్ళ దగ్గరా కాగితం అడిగి తీసుకోండి.

గుర్తింపు ఇంకో ముడి. గేదెకి పోగున్నట్టు కుక్కకి మైక్రోచిప్ ఉంటుంది. బియ్యపు గింజంత, మెడ వెనక చర్మం కింద, అందులో 15 అంకెల నంబరు. కొన్ని కంపెనీలు తప్పనిసరి అనవు, ఉంటే ప్రీమియం కొంత తగ్గిస్తాయి. నల్ల కుక్కలన్నీ ఫొటోలో ఒకేలా ఉంటాయి కాబట్టి చిప్ వేయిస్తేనే నయమని నా అభిప్రాయం.

చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. మన ఇళ్ళల్లో కుక్క పోతే తెల్లారేసరికి కొబ్బరి చెట్టు మొదట్లో గొయ్యి తీసి, పసుపు నీళ్ళు చల్లి పూడ్చేస్తాం. పిల్లలు చూడకముందే అయిపోవాలనుకుంటాం. మరణ సొమ్ము ఉన్న పాలసీ అయితే పూడ్చే ముందే కంపెనీకి ఫోన్ చేయాలి, పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించి కాగితం తీసుకోవాలి. ఏడుస్తూ ఈ పని చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఫోన్ నంబరు పాలసీ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

కుక్క కరిచే సంగతికొస్తే, మూడో రకం రక్షణ నష్టపరిహారం వరకే. పెంపుడు జంతువు విషయంలో తగిన జాగ్రత్త తీసుకోక ఎవరికైనా హాని జరిగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ శిక్ష పాలసీ మోయదు. గేటూ గొలుసూ మన బాధ్యతే.

పాలసీ తీసుకున్నాక నచ్చకపోతే ఇరుక్కుపోయామనుకోవద్దు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం సాధారణ బీమా తీసుకున్న వ్యక్తులు మధ్యలో ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఏడాది పాలసీలో క్లెయిమ్ చేయకపోతే మిగిలిన రోజులకి తగ్గ ప్రీమియం వెనక్కిస్తారు. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని చిన్న కాగితం ఇవ్వాలి. ముప్పై పేజీలు చదవలేకపోతే అదైనా పూర్తిగా చదవండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు పక్కనే ఉన్న యానాం కూడా హైదరాబాద్ అంబుడ్స్‌మన్ కిందకే వస్తుంది.

మల్లికి పదహారు వారాలు నిండాయి, చివరి డోసు వేయించాం. వైద్యానికి ఎక్కువ పరిమితి, మరణానికి తక్కువ సొమ్ము ఉండే పాలసీకి ఫారం నింపుతున్నాను. ఎలుకల మందు గురించి అడిగిన ఈమెయిల్‌కి జవాబు రాగానే ప్రీమియం కడతాను. ఫారానికి ఫొటోలు కావాలి. పోయిన ఆదివారం మావయ్య వచ్చినప్పుడు, తెల్ల మచ్చ కనపడేలా మల్లి కుడికాలు పైకెత్తి పట్టుకోమన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని దాన్ని గుండెకి ఆనించుకుని కాలు పట్టుకున్నాడు. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా రెండు, మచ్చ దగ్గరగా ఒకటి, మొత్తం నాలుగు తీశాను. తీశాక ఆయన తన గేదెల పాలసీ కాగితం జేబులోంచి తీసి "ఇదీ ఒకసారి చదివిపెట్టరా" అని నా చేతిలో పెట్టాడు.